రబ్బరు వదులైన హిమాలయం

తెలుగువాడికి మంచు కరువేమీ లేదు. గడ్డిపోచ మీద బిందువుగా నిలిచినదీ మంచే, అలిపిరి నుంచి కొండ కనపడకుండా కమ్మేసినదీ మంచే, కాశ్మీరులో ఇళ్ల కప్పుల మీద మూరెడు మందాన పేరుకున్నదీ మంచే. మూడింటినీ ఒక్క మాటతో సరిపెట్టుకున్న పొదుపరులం మనం. అయితే తిరుపతిలో పుట్టి, యాభై నాలుగేళ్లుగా బైరాగిపట్టెడ దాటకుండా కాపురముంటున్న నాకు వాటిలో మొదటి రెండే దక్కాయి. మూడోదాని కోసం పదకొండేళ్ల కిందట సిమ్లా ప్రయాణం పెట్టుకొని, దళసరి ఉన్నికోటు కూడా కొన్నాక ప్రయాణం ఆగిపోయింది. కోటు మాత్రం బీరువాలో కలరా ఉండల మధ్య ఆశ వదులుకోకుండా వేలాడుతోంది.

ఈ ఏడు చలికాలం మరీ అన్యాయంగా వచ్చింది. ఈశాన్య రుతుపవనాలు పోతూపోతూ మబ్బులను మా నెత్తిన వదిలేయడంతో, పగలు తాగిన వేడిని రాత్రి ఆకాశంలోకి విడిచే దారి నేలకు లేకపోయింది. ధనుర్మాసం వచ్చినా మా ఇంట్లో ఫ్యాను రెండో నంబరు మీద తిరుగుతూనే ఉంది. కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది గనుక, వేకువన 18 డిగ్రీలున్న మా వీధి సున్నాకు దిగాలంటే దాన్ని దాదాపు మూడు కిలోమీటర్లు పైకి ఎత్తాలని కాగితం మీద లెక్క తేల్చాను. తిరుమల ఎత్తు ఒక్క కిలోమీటరు కూడా లేదు. స్వామివారికి కొండలు ఏడున్నా, అవి పక్కపక్కన ఉన్నాయి గాని ఒకదాని మీద ఒకటి లేవు. హార్సిలీ హిల్స్‌కు కూడా పోయి చూశాను. కోటు తడిసింది, అంతే.

ఈ దిగులులో ఉండగా ఒకనాడు ఐసు ట్రే కోసం మా పదహారేళ్ల పాత ఒంటితలుపు ఫ్రిజ్ తెరిచి, ఫ్రీజరులోకి తొంగిచూసి నిలబడిపోయాను. లోపలి గోడల నిండా తెల్లని నూగు! తలుపు రబ్బరు వదులైపోయి బయటి తేమగాలి లోపలికి దూరుతోందని, దాన్ని మార్పించమని మా ఆవిడ ఉగాది నుంచి చెబుతూనే ఉంది. నీరు గడ్డకడితే అది ఐసు; ఆవిరి నీరుగా మారకుండా నేరుగా స్ఫటికమైతేనే అది హిమం. 1936లో జపానులోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఉకిచిరో నకాయా అనే శాస్త్రవేత్త కుందేలు వెంట్రుక మీద తొలి కృత్రిమ హిమ స్ఫటికాన్ని పెంచాడని ఎప్పుడో చదివాను. ఆయనకు కుందేలు వెంట్రుక ఉంటే, నాకు వదులైన రబ్బరు ఉంది.

ఆనాటి నుంచి మూడు వారాలపాటు నేను మంచు సేద్యం చేశాను. డీఫ్రాస్ట్ బటను ఎవరూ నొక్కకుండా దాని మీద ప్లాస్టరు అతికించాను. రాత్రి అందరూ పడుకున్నాక గ్లాసుడు వేడినీళ్లు ఫ్రీజరులో పెట్టి, పంటకు ఆవిరి అందించాను. పంట బ్రహ్మాండంగా పెరిగింది గాని, పేరుకున్న మంచే కంబళిలా అడ్డుపడి చల్లదనాన్ని కిందికి దిగనివ్వదన్న సంగతి నాకు తట్టలేదు. పై అరలో హిమాలయం, కింది అరల్లో తిరుపతి! పాలు రెండుసార్లు విరిగాయి; దోశపిండి పులిసి గిన్నె మూత తోసుకొని బయటికి వచ్చింది. మా ఆవిడ పాలవాడిని అనుమానించింది. నేను ఆమెకు అడ్డు చెప్పలేదు.

భోగికి నాలుగు రోజుల ముందు, వేకువన గుళ్లో పాశురాలు మొదలైన వేళ, కోటు తొడుక్కొని కోతకు దిగాను. ముందు అట్లకాడతో గీకితే మెత్తనిది రాలింది. వెనక గోడకు పట్టిన పెద్ద పెళ్ల కదలలేదు. స్క్రూడ్రైవరు ఆనించి, అప్పడాల కర్రతో మెల్లగానే ఒక్కటి వేశాను. పెళ్ల ఊడింది, వెంటనే గోడలోంచి పాము బుసకొట్టినట్టు బుస్సుమని చల్లని ఆవిరి నా ముఖాన కొట్టింది. హిమాలయాల్లో గాలి ఇలాగే వీస్తుంది కాబోలని ఒక క్షణం ఆనందించాను కూడా.

కరిగేలోగా చల్లుకోవాలని ఇత్తడి పళ్లెంతో మిద్దె మీదికి పరుగెత్తాను. మెట్లు ఎక్కేలోపే సగం నీరైంది. మిగిలినదాన్ని రెండు చేతులా ఎత్తి, కళ్లు మూసుకొని ఆకాశంలోకి విసిరాను. అది తేలుతూ రేకులు రేకులుగా దిగుతుందని నా ఊహ. అది ముద్దగా పిట్టగోడ దాటి, కింద ఎదురింటి అవ్వ అప్పుడే ముగించిన పదహారు చుక్కల ముగ్గు నడిమధ్యన చపుక్కున పడింది.

“ఎవురబ్బా పొద్దున్నే పైనుంచి నీళ్లు పోస్తా ఉండేది?”

“నీళ్లు కాదవ్వా, మంచు!” అన్నాను.

“ధనుర్మాసంలో మంచు పడకుండా ఎండ పడతాదా నాయనా? ముందు ఆ బక్కెట్టు లోపల పెట్టుకో!”

పదింటికి మెకానిక్ అబ్బాయి వచ్చి, టార్చి వేసి చూసి, “గ్యాసు పూరా పోయింది సార్. దేంతో పొడిచినారు?” అని అడిగాడు.

“పొడవలేదు, గీకాను.”

“అందురూ అదే చెప్తారు సార్,” అంటూ సంచి సర్దుకున్నాడు. మాట్లాడుతూనే బటను మీది ప్లాస్టరు ఊడదీసి మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ క్షణంలో పాలవాడు నిర్దోషి అయ్యాడు.

సాయంత్రం కొత్త ఫ్రిజ్‌కు దుకాణానికి పోయాము. అమ్మకాల కుర్రవాడు నన్నే ఇంటి యజమాని అనుకొని, తలుపు తెరిచి చూపిస్తూ, “ఇందులో మంచు అనేదే పట్టదు సార్. లోపల చిన్న హీటరు ఉంటాది. కొంచెం పట్టినా అప్పటికప్పుడు కరిగించేస్తాది,” అని గర్వంగా చెప్పాడు. మంచు పట్టేది ఏదైనా ఉందా అని నేను నోరు తెరిచేలోగా, మా ఆవిడ నా వైపు చూడకుండానే బిల్లు రాయమంది.