ఈ రాత్రికే నా ఖాతా ఆపేస్తానన్న కేవైసీ మెసేజి గారికి

అనంతపురం,
ఆదివారం, క్లాక్ టవర్ దగ్గర టీ అంగడి.

అయ్యా కేవైసీ మెసేజి గారూ,

నిన్న రాత్రి 9.40కి దయచేశారు. "ప్రియమైన ఖాతాదారుడా, మీ కేవైసీ గడువు ముగిసింది, ఈ రాత్రికే ఖాతా ఆగిపోతుంది, కింది లింకు నొక్కండి" అన్నారు. చదివి కళ్లు చెమ్మగిల్లాయి. పద్దెనిమిదేళ్లుగా ఖాతా ఉన్న మా బ్యాంకు ఒక్కనాడూ నన్ను ప్రియమైన అన్న పాపాన పోలేదు. పాస్‌బుక్ పట్టుకుని పోతే "ప్రింటర్ పనిచేయడంల్యా, సోమారం రాప్పా" అంటారు. సోమారం పోతే సర్వర్ ఉండదు. నిజం కేవైసీకే ఆధార్ జిరాక్సుతో మూడుసార్లు తిరిగితే నాలుగోసారి తీసుకున్నారు. అట్లాంటిది మీరు శనివారం రాత్రి నిద్ర మానుకుని నా ఖాతా గురించి దిగులు పడుతున్నారు!

అక్కడే దొరికిపోయారు స్వామీ. నా పని మీద మా బ్యాంకుకు ఇంత తొందర ఎప్పుడూ లేదు. మర్నాడు ఆదివారం, పోయి అడగనీకి తలుపులు తెరిచి ఉండవని మీ లెక్క.

సరే, మీ లింకు చూశాను. ముందర బ్యాంకు పేరు బాగానే తగిలించుకున్నారు, తోక మాత్రం వేరే. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" తోకకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు ఆఖరు గడువు పెట్టింది. మీ దర్జీకి ఆ తోక కుట్టనీకి గుడ్డ దొరికినట్టు లేదు.

నాతో పారలేదు గానీ, మీ తమ్ముడు ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) మా మామ దగ్గర గెలిచాడు. మాది వజ్రకరూరు పక్క. తొలకరి పడితే మామ చేలల్లో నడుం వంచి వజ్రాలు వెతుకుతాడు. రంగురాయి దొరికితే కడిగి, ఎండకు పట్టి, ఇద్దరు వ్యాపారులకు చూపించనిదే నమ్మడు. ఆ మనిషే వాట్సాప్‌లో "పీఎం కిసాన్ 2000" అని ఫైలు వస్తే కడగలేదు, ఎండకు పట్టలేదు, నొక్కేశాడు. అది మెసేజీలు చదవనీకి అనుమతి అడిగితే, అడిగిందే పుణ్యమని ఇచ్చేశాడు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఆయనకు బాగా తెలుసు. చెప్పనూ లేదు. వచ్చిన ఓటీపీని ఫైలే చదువుకుపోయింది. వేరుశనగ అమ్మిన నలభై వేలు పోయాయి. పైగా అదే ఫైలు మామ పేరుతో మా అందరికీ వచ్చింది. పెద్దమనిషి పంపాడు కదా అని మా పిన్ని నొక్కబోయింది కూడా.

మీ అసలు బలం ఏపీకేలో లేదు, మా సిగ్గులో ఉంది. "వజ్రాలు కనిపెట్టేవాడికి ఫైలు కనపడలేదా" అని ఊరు నవ్వుతుందని మామ రెండు రోజులు నోరు విప్పలేదు. మొదటి గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసుంటే డబ్బు ఇంకో ఖాతాలో ఉండగానే ఆపే వీలుండేది. మన చేతులారా పోగొట్టుకున్నదైతే, బ్యాంకుకు చెప్పేదాకా నష్టం మనదే, చెప్పినాక పోయేది బ్యాంకుది అని రిజర్వు బ్యాంకు 2017లోనే రాసిపెట్టింది. ఆ రెండు రోజుల్లో రెండోసారి తీసుకున్న పన్నెండు వేలు మీ సొంతం కాదు, మామ మీసానివి.

రేపు సోమారం. మీరు అంత ప్రేమగా గుర్తు చేశారు కాబట్టి, నా కేవైసీ సంగతేందో బ్యాంకుకే పోయి అడుగుతా. సర్వర్ ఉంటే.

ఇట్లు,
ఇంకా ఆగని ఖాతాదారుడు