నిర్వాణం అయ్యాక పుట్టుక

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు ఒక మనవి. బుద్ధుడి జీవితం గురించి మీరు ఇన్నాళ్ళూ రాస్తున్నదంతా తప్పు. లుంబినిలో పుట్టాడు, బుద్ధగయలో జ్ఞానం పొందాడు, సారనాథ్‌లో తొలి ఉపదేశం చేశాడు, కుశీనగరంలో తనువు చాలించాడు అంటూ మా చేత బట్టీ పట్టించారు, పరీక్షల్లో జతపరచమన్నారు, మార్కులు కూడా కోశారు. నేను మొన్న మా అమ్మను తీసుకుని టూరిస్టు బస్సులో వెళ్ళి కళ్ళారా చూసి వచ్చాను. జరిగిన వరస అది కాదు. శనివారం జ్ఞానోదయం అయింది. మంగళవారం నిర్వాణం. బుధవారం పుట్టాడు. శుక్రవారం తొలి ఉపదేశం, అది కూడా చీరల షాపుకి టైమైపోతోందని తొందరగా ముగించారు. సాక్ష్యం కావాలంటే ట్రావెల్స్ వాళ్ళిచ్చిన రంగుల కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

గిట్టనివాళ్ళు దీన్ని డీజిల్ లెక్క అంటారు. రైలు దిగేది గయలో, తిరిగి ఎక్కేది కాశీలో కాబట్టి బస్సు అలా చుట్టి రావాల్సి వచ్చింది, అంతేగానీ ఇందులో తత్వం ఏమీ లేదని వాదిస్తారు. నేను ఒప్పుకోను. పుట్టిన చోటు, బోధి పొందిన చోటు, ధర్మచక్రం తిప్పిన చోటు, పరినిర్వాణం చెందిన చోటు, ఈ నాలుగూ శ్రద్ధ ఉన్నవాళ్ళు చూడాలని బుద్ధుడే ఆఖరి రోజుల్లో తన శిష్యుడు ఆనందుడికి చెప్పాడు, నిజమే, చెప్పిన వరస కూడా అదే. కానీ ఆయన కాలంలో టోల్ గేట్లు లేవు కదా. జ్ఞానోదయం తర్వాత 45 ఏళ్ళు ఊరూరా నడిచిన మనిషికి ఎటు నుంచి ఎటు వెళ్ళినా ఒకటే. మాకు ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్ళు, అందులో ఒక పగలు షాపింగ్.

ఇక్కడ చిన్న సిద్ధాంతపరమైన చిక్కు ఉంది. నిర్వాణం అంటే ఇక మళ్ళీ పుట్టుక లేకపోవడం. ఆ మనిషి ఇల్లు, రాజ్యం, పెళ్ళాం, బిడ్డ అన్నీ వదిలి, ఆరేళ్ళు కడుపు మాడ్చుకుని కష్టపడింది దాని కోసమే. అలాంటిది మా టూర్ మేనేజర్ ఇరవై నాలుగు గంటలు తిరక్కుండానే ఆయన్ని మళ్ళీ పుట్టించాడు. అదీ పక్క దేశంలో.

సరే, బుద్ధగయతో మొదలుపెడతాను. మహాబోధి ఆలయంలోకి ఫోన్లు రానివ్వరు, 2013లో అక్కడ బాంబులు పేలిన తర్వాత భద్రత బాగా బిగించారు. మా బస్సులో 38 మందిమి. కౌంటర్లో ఫోన్లు ఇచ్చేసి లోపలికి వెళ్తుంటే అందరి ముఖాల్లోనూ రాజకుమారుడు నగలు ఒలిచి సారథి చేతిలో పెట్టినప్పటి గంభీరత. పది అడుగులు వేశాక సమస్య మొదలైంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఒకాయన జేబు తడుముకున్నాడు, మళ్ళీ తడుముకున్నాడు, ఇంకేం చెయ్యాలో తోచక నమస్కారం పెట్టాడు. మొత్తం యాత్రలో మేము చేసిన అసలైన తపస్సు ఆ గంటన్నరే, దాన్ని కూడా ఆపద్ధర్మంగానే లెక్కేయాలి.

చెట్టు దగ్గర ఒక విషయం చెప్పాలి. ఇప్పుడున్నది బుద్ధుడు కూర్చున్న చెట్టు కాదు. పాత చెట్టు 1876లో గాలివానకి కూలిపోతే దాని అంశతోనే మళ్ళీ నాటారు, ఆ పని చూసింది కన్నింగ్‌హామ్ అనే ఇంగ్లీషు దొర. ఆ మాట గైడు హిందీలో చెబుతుంటే ఎవరూ వినలేదు, ఎందుకంటే అప్పటికే అందరి తలలూ పైకి ఉన్నాయి. కొమ్మ మీద చెయ్యి వెయ్యకూడదు, రాలిన ఆకు మాత్రం తీసుకోవచ్చని ఎవరో చెప్పారు. జ్ఞానోదయం తర్వాత రెండో వారమంతా బుద్ధుడు రెప్ప వెయ్యకుండా ఆ చెట్టునే చూస్తూ నిలబడ్డాడని అంటారు. మేమూ అలాగే నిలబడ్డాం. చుట్టూ ఏవో దేశాల భిక్షువులు కళ్ళు మూసుకుని ఉన్నారు, పాపం, వాళ్ళకి ఆకు ఎలా దొరుకుతుంది?

చివరికి ఒకటి రాలింది. గుండ్రంగా తిరుగుతూ, ఎటు పడాలో తేల్చుకోలేనట్టు మెల్లగా దిగుతుంటే, మా రిటైర్డ్ హెడ్మాస్టరు గారూ, ముందు సీటు కోసం పొద్దున్నే ఆయనతో గొడవపడ్డ చిట్‌ఫండు ఆయనా ఒకేసారి కదిలారు. ఇద్దరికీ షుగరు, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, అయినా ఆ పరుగు చూడాలి. ఆకు వాళ్ళ చేతుల మధ్య నుంచి జారి, ఓ పక్కన కూర్చుని మోకాలి పట్టీ సవరించుకుంటున్న మా అమ్మ ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని చీమేమో అనుకుని దులపబోయింది. ఆ తర్వాత హెడ్మాస్టరు గారు మూడు రోజుల పాటు మా అమ్మను "అక్కయ్యగారూ" అని పిలిచారు. బయట దుకాణంలో కొన్న ల్యామినేషన్ ఆకు ఇస్తాను, అది మాకిచ్చెయ్యండి అని బేరం పెట్టారు. అమ్మ నవ్వి ఊరుకుంది. రాత్రి గదిలో మాత్రం నాతో అంది, "ఒరేయ్, మన వీధి చివర రావిచెట్టుకి బండెడు ఆకులు, రోజూ ఊడవలేక చస్తున్నాను."

రాజగృహంలో రోప్‌వే, నలందలో ఇటుకలు. రెండూ అయ్యాయి.

వైశాలి నుంచి కుశీనగరం దారిలో తిండి సంగతి వచ్చింది. మా ప్యాకేజీకి ప్రాణం వంటమాస్టర్, కాగితం మీద నాలుగు పుణ్యక్షేత్రాల పేర్ల కన్నా పెద్ద అక్షరాల్లో 'మన ఆంధ్ర భోజనం' అని వేశారు. బస్సు వెనక డిక్కీలో గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ. దారిలో దాబా దగ్గర ఓ కుర్రాడు రోటీ తింటానంటే మేనేజర్ మైకు తీసుకుని ధర్మోపదేశం చేశాడు: "అమ్మా, అయ్యా, ఈ దారిలోనే చుందుడనే కమ్మరి ఇంట్లో భోంచేసి బుద్ధుడికి రక్త విరేచనాలు పట్టుకున్నాయి. అంతటివాడికే తప్పలేదు, బయటి తిండి మనకెందుకు?" బస్సంతా నిశ్శబ్దం. కుర్రాడు కూర్చున్నాడు. ఆ కథలో మిగతా సగం మేనేజర్ చెప్పలేదు. చుందుణ్ణి ఎవరూ నిందించకూడదు, జ్ఞానోదయానికి ముందు తిన్న భోజనమూ ఈ ఆఖరి భోజనమూ పుణ్యంలో సమానం అని బుద్ధుడు చెప్పి మరీ వెళ్ళాడు. మావాళ్ళు ఆ మధ్యాహ్నం సాంబారులో ఉప్పు ఎక్కువైందని వంటమాస్టర్‌ని నిందించిన తీరు చూస్తే, ఆ సగం చెప్పకపోవడమే మంచిదైంది.

కుశీనగరంలో పడుకున్న విగ్రహం, ఆరు మీటర్ల పైన పొడవు, కుడివైపుకి ఒరిగి, పసుపు వస్త్రం కప్పుకుని. లోపలికి వెళ్ళగానే ఎవరో "శ్రీరంగంలో రంగనాథుడిలా లేడూ" అన్నారు, అందరూ దణ్ణం పెట్టేశారు, మతాల మధ్య సామరస్యం అంత తేలిగ్గా కుదిరిపోయింది. మా అమ్మ మాత్రం దిక్కులు చూసుకుంది.

"ఉత్తరానికి తలపెట్టి పడుకోబెట్టారేమిట్రా, చెప్పేవాళ్ళే లేరా?"

"ఆయనే అలా పక్క వెయ్యమన్నాడట అమ్మా, ఆనందుడితో."

"ఆనందుడు మగపిల్లాడు, వాడికేం తెలుసు."

దీనికి పాళీ గ్రంథాల్లో జవాబు ఉందేమో పండితులు వెతకాలి.

మర్నాడు పుట్టుక. సునౌలి దగ్గర సరిహద్దు, మనకి వీసా అక్కర్లేదు గానీ బస్సుకి కాగితాలు కావాలి, ఆ కాగితాలకి రెండు గంటలు పట్టింది. నేపాల్ టైము మనకన్నా 15 నిమిషాలు ముందు, అంటే అప్పటికే లేటుగా ఉన్నవాళ్ళం గేటు దాటగానే ఇంకో పావుగంట లేటయ్యాం. లుంబినిలో అశోకుడి స్తంభం ఉంది, పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట తానే స్వయంగా వచ్చి పూజ చేశానని, ఇక్కడే బుద్ధుడు పుట్టాడని రాయించాడు. ఆ మాటకి ఎవరూ పెద్దగా చలించలేదు. తర్వాతి వాక్యానికి మాత్రం బస్సు మొత్తం స్తంభం చుట్టూ మూగింది: ఈ ఊరికి బలి అనే పన్ను రద్దు, పంటలో రాజుగారి వాటా ఎనిమిదో వంతుకి తగ్గింపు. మాలో ఒకాయన వాణిజ్య పన్నుల శాఖలో చేసి రిటైరయ్యాడు. కళ్ళు మూసుకుని లెక్క కట్టాడు, ఎనిమిదో వంతంటే పన్నెండున్నర శాతం, మన ప్యాకేజీ మీద జీఎస్టీ 5 శాతమే, అశోకుడి కంటే మా ట్రావెల్సే నయం అన్నాడు. చప్పట్లు కొట్టారు.

శ్రావస్తి గురించి కూడా కాస్త చెప్పకపోతే పాపం. అక్కడ, ఎక్కువగా జేతవనం అనే తోటలో, బుద్ధుడు 24 వానాకాలాలు గడిపాడని చెబుతారు, మేము టీ తాగి వచ్చాం. అయితే ఆ పావుగంటలోనే యాత్ర మొత్తానికీ లోతైన చర్చ మొదలైంది. తోట అమ్మనని జేతుడు అనే రాకుమారుడు మొండికేసి, నేలంతా నాణేలు పరిస్తే ఇస్తానంటే, బుద్ధుడి కోసం అనాథపిండకుడనే వర్తకుడు బండ్ల మీద బంగారం తెచ్చి నిజంగానే పరిచాడట. మాది గుంటూరు, బస్సులో సగం మందికి రాజధాని చుట్టుపక్కల ఎంతో కొంత స్థలం ఉంది. "అయితే సెంటు ఎంత పడినట్టు?" అని చిట్‌ఫండు ఆయన అడిగాడు. బిళ్ళ సైజు ఎంత, పక్కపక్కనే పరిచారా సందు వదిలారా, రిజిస్ట్రేషన్ విలువ ఎంత చూపించారు, ఇవన్నీ తేలేసరికి బలరాంపూర్ దాటిపోయాం. ఇన్నేళ్ళ ధర్మశ్రవణంలో ఇంత ఏకాగ్రత నేనెప్పుడూ చూడలేదు. మాలో ముప్పై మంది అమరావతి స్తూపం ఎన్నడూ చూడలేదని కూడా ఆ మాటల్లోనే బయటపడింది. గుంటూరులో బస్సెక్కితే గంట. అక్కడికి ప్లాటు చూడ్డానికి వెళ్ళారుట, స్తూపం దారిలో తగల్లేదుట. తప్పు వాళ్ళదని అనను, అక్కడి శిల్పాలు చాలా వరకు చెన్నైకీ, లండన్‌కీ ఎప్పుడో టూరు వెళ్ళిపోయాయి.

సారనాథ్ చేరింది శుక్రవారం. శుక్రవారం మ్యూజియానికి సెలవు. నాలుగు సింహాల అసలు విగ్రహం ఆ మ్యూజియంలోనే ఉంది. మేనేజర్ ఏమాత్రం తొణకలేదు, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, "ఇదిగోండి, ఇవే సింహాలు, ఇందులో మూడే కనిపిస్తాయి, లోపలా అంతే" అన్నాడు. బిళ్ళ చేతులు మారుతూ వెనక సీటు దాకా వెళ్ళింది, తిరిగి రాలేదు. ధమేక్ స్తూపం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి కాశీ చీరల షాపులో దిగాం. స్తూపానికి నలభై నిమిషాలు, చీరలకి నాలుగు గంటలు.

నవ్వకండి, అసలు తత్వం ఇక్కడే ఉంది. చిన్నప్పుడు తండ్రి ఇంట్లో తన తలపాగా, పైబట్ట, పంచె అన్నీ కాశీవేనని బుద్ధుడు ఒకచోట భిక్షువులకి చెప్పుకున్నాడు. ఆ కాశీ బట్టలు విప్పేసి, గుడ్డపేలికలు కట్టుకుని, నడుచుకుంటూ ఇదే సారనాథ్‌కి వచ్చాడు. మేము సారనాథ్ నుంచి బయల్దేరి కాశీ బట్టలు కట్టుకున్నాం. కాబట్టి పాఠ్యపుస్తకాల పెద్దలు గమనించాలి, టూరు వరస తప్పు కాదు, మొదటి నుంచీ సరిగ్గా వెనక్కి నడుస్తోంది. బోధి అయింది, పోవడం అయింది, పుట్టడం అయింది, పట్టుబట్టలు వచ్చాయి. ఇంకొక్కటే బాకీ. అర్ధరాత్రి నిద్రపోతున్న భార్యాబిడ్డల్ని లేపకుండా ఇల్లు దాటిన ఘట్టం.

అది మా ఇంటి దగ్గర జరిగింది. రైలు ఆరు గంటలు లేటు. తెల్లవారుజామున మూడింటికి ఆటో దిగేసరికి లోపల మా ఆవిడ, పిల్లాడు గాఢనిద్రలో ఉన్నారు, తలుపుకి లోపలి గడియ. కాలింగ్ బెల్ పనిచెయ్యదు, బాగు చేయిస్తానని నేను ఆర్నెల్ల కింద మాటిచ్చాను. ఫోన్ చేస్తే లోపల మోగుతున్న చప్పుడు వినబడుతోంది, ఎవరూ ఎత్తరు. రెండు పెట్టెలు, చీరల సంచి, ఖాళీ ఆవకాయ జాడీ పక్కన పెట్టుకుని మెట్ల మీద ఇరవై నిమిషాలు తలుపు తట్టాను. వీధికుక్కలు లేచాయి, ఎదురింటి లైటు వెలిగింది.

"గట్టిగా కొట్టరా," అంది అమ్మ, రెండు అరచేతుల మధ్య పాత డైరీ పట్టుకుని, "ఆకు నలిగిపోతోంది."