అమ్మేది పిల్లను, మిగిలేది కొండచిలువ

ఫ్లోరిడాలో కొండచిలువకు అడుగుల లెక్కన డబ్బిస్తారు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మీస్ పైథాన్లను పట్టి తెచ్చే కాంట్రాక్టు వేటగాళ్లకు దక్షిణ ఫ్లోరిడా నీటి నిర్వహణ సంస్థ గంటల కూలీ ఎటూ ఇస్తుంది. దానిమీద పాముకు మొదటి 4 అడుగులకు 50 డాలర్లు, ఆపైన ప్రతి అడుగుకూ మరో 25 డాలర్లు చొప్పున ఇస్తూ వచ్చింది. అదంతా జనం సొమ్ము. ఈ పాముల తాతముత్తాతలను గాజుపెట్టెలో పెట్టి అమ్మినవాళ్లు తమ లాభం తాము తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయారు. పెద్ద జాతి పాములను పెంపుడు జంతువులుగా అమ్మనివ్వాలా వద్దా అనే చర్చలో నాకు ఈ లెక్క ఒక్కటి చాలు. అమ్మనివ్వకూడదు.

ఈ మాట భయంతో అంటున్నది కాదు. 2009లో ఫ్లోరిడాలోనే ఒక ఇంట్లో పెంచుతున్న పైథాన్ రాత్రిపూట పెట్టెలోంచి బయటపడి రెండేళ్ల పాపను చంపింది. 2013లో కెనడాలోని క్యాంప్‌బెల్టన్‌లో, జంతువుల కొట్టు పైనున్న ఇంట్లో నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ములను ఆఫ్రికన్ రాక్ పైథాన్ పొట్టనపెట్టుకుంది. ఇలాంటిది జరిగినప్పుడల్లా టీవీలు వారం రోజులు ఊగిపోయి ఎనిమిదో రోజుకు మర్చిపోతాయి. భయం మీద కట్టిన వాదన బతికేది అంతవరకే.

అవతలివాళ్ల మాట కూడా చెప్పుకుందాం. పెంపుడు కుక్కల వల్ల అమెరికాలోనే ఏటా పదుల మంది చనిపోతున్నారు, పెంపుడు కొండచిలువల వల్ల పోయినవాళ్లను దశాబ్దాలకు కలిపి లెక్కేసినా ఆ ఒక్క ఏడాది సంఖ్యకు రారు అంటారు. నిజమే. శ్రద్ధగా, గది కేటాయించి, వేడి, తేమ కొలుచుకుంటూ పెంచేవాళ్లు ఉన్నారంటారు. అదీ నిజమే, కొందరికి ఆ జంతువు గురించి ఉన్న జ్ఞానం చూస్తే ముచ్చటేస్తుంది. నిషేధిస్తే దొంగచాటు వ్యాపారం పెరుగుతుందంటారు. కొంత పెరుగుతుంది. కానీ దొంగచాటుగా అమ్మేవాడు వారాంతపు ఎగ్జిబిషన్లలో బల్లలు పరిచి, పిల్లల చేతుల్లో పాముపిల్లను పెట్టి ఫొటోలు తీయించలేడు. ఈ వ్యాపారం బతికేది ఆ బల్లల మీదే.

ఆ బల్ల మీద పెట్టిన సరుకేమిటో చూడండి. గుడ్డులోంచి వచ్చిన బర్మీస్ పైథాన్ పిల్ల సుమారు రెండడుగులే ఉంటుంది. బొటనవేలంత లావు. మణికట్టుకు చుట్టుకుంటుంది. వారానికో చిట్టెలుక వేస్తే చాలు. మొరగదు, గోళ్లతో గీకదు, షికారుకు తీసుకెళ్లమనదు. ఇంతకంటే సుఖమైన పెంపుడు జంతువు లేదనిపిస్తుంది. రెండు మూడేళ్లు తిరిగేసరికి అదే పాము పదడుగులు దాటుతుంది. చిట్టెలుక పోయి ఎలుకలు, ఎలుకలు పోయి కుందేళ్లు. అప్పుడు తిండి పెట్టాలంటే పక్కన రెండో మనిషి ఉండి తీరాలన్నది అనుభవం ఉన్న కీపర్లు పెట్టుకున్న నియమం. ఎందుకంటే ఆకలితో ఉన్న పాముకు కుందేలు వాసన తగిలాక, చెయ్యేదో కుందేలేదో తేడా తెలియదు. పెట్టె చాలక గది కావాలి. ఆ గదికి ఏడాది పొడవునా వేడి కావాలి. ఇలా ఇరవై ఏళ్లు, ఒక్కోసారి పాతికేళ్లు.

ఇతర జాతుల సంగతీ ఇంతే. రెటిక్యులేటెడ్ పైథాన్ అయితే ఇంకో మెట్టు పైన. గిన్నిస్ రికార్డులకెక్కిన మెడుసా అనే పామును 2011లో కొలిస్తే 7.67 మీటర్లు తేలింది. మన భాషలో ఈ జంతువు పేరులోనే కొండ ఉంది. బొటనవేలంత పిల్లను చూస్తూ ఆ పేరు గుర్తుపెట్టుకునే కొనుగోలుదారు అరుదు.

నన్ను ఎక్కువగా పట్టి కుదిపేది దీని వెనకున్న డబ్బు లెక్క. మామూలుగా పెద్ద ఖర్చు కొన్నరోజే ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. కొండచిలువ దీనికి పూర్తిగా తలకిందులు. కొన్నరోజు అన్నిటికంటే చవక, ఆ తర్వాత ప్రతి ఏడాదీ నిరుటికంటే ఖరీదు. పోనీ మళ్లీ అమ్ముకుందామంటే పెద్ద పామును కొనేవాడు దొరకడు. ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవాడు దొరకడు. జూలు వద్దంటాయి, వాటికి ఒకటో రెండో చాలు. రెస్క్యూ సెంటర్లు కూడా ఎన్నిటినని తీసుకుంటాయి? కొన్న కుర్రాడు కాలేజీకి వెళ్లిపోతాడు, లేదా ఇల్లు మారాల్సివస్తుంది, కొత్త ఇంటి యజమాని పాముంటే ఇల్లివ్వనంటాడు. చంపించడానికి మనసొప్పదు. ఒక రాత్రి కారు డిక్కీలో పెట్టుకుని కాలవ గట్టు దాకా వెళతాడు. అతను దుర్మార్గుడేమీ కాడు. ఒక రకంగా దాని మీద దయతోనే వదిలాడు. తొలిరోజు చెల్లించిన ధరలోనే ఆ కాలవ గట్టు కూడా కలిసి ఉంది, బిల్లులో రాయలేదంతే.

ఇక పుట్టుక వైపు లెక్క. ఆడ పైథాన్ ఒక్క విడతలో డజన్ల కొద్దీ గుడ్లు పెడుతుంది. ఫ్లోరిడాలో పట్టిన సుమారు 98 కిలోల ఆడపాము కడుపులో ఎదుగుతున్న గుడ్లు 122. పెంపకంలో అన్ని గుడ్లు రాకపోయినా, పిల్లల్ని పుట్టించి అమ్మే బ్రీడర్ దగ్గర ఒక జత ఉంటే కొన్నేళ్లలో వందకు పైగా పిల్లలు తేలతాయి. వంద పిల్లలంటే, పదిహేనడుగుల పామును పాతికేళ్లు మేపగల వంద ఇళ్లు కావాలి. ఒక ఊరు ఊరంతా వెతికినా అలాంటివి నాలుగు దొరికితే గొప్ప. పైగా ఈ హాబీలో అందరి కన్నూ మార్ఫ్‌ల మీద. అంటే ఆల్బినో, గ్రానైట్, లాబిరింత్ అంటూ జన్యువులు కలిపి పుట్టించే వింత రంగులు. కోరుకున్న రంగు ఒకటో రెండో పిల్లలకు వస్తుంది, మిగతావి లాటరీలో తగలని టికెట్ల లాంటివి. వాటిని ఎవరికో ఒకరికి అంటగట్టాలి కాబట్టి చవగ్గా అమ్ముతారు. చవగ్గా దొరికింది కాబట్టి ఆలోచించనివాడు కొంటాడు. శ్రద్ధగల కీపర్‌ను ముందుపెట్టి వాదించేవాళ్లు ఈ మిగులు పిల్లల గురించి ఒక్క మాటా మాట్లాడరు.

పాములంటే నాకేమీ అసహ్యం లేదని ఇక్కడే చెప్పుకోవాలి. ఆడ పైథాన్ గుడ్ల చుట్టూ చుట్ట వేసుకుని, తిండి మానేసి, ఒంటి కండరాలను వణికిస్తూ వాటికి వెచ్చదనం పుట్టిస్తుంది. చల్లని నెత్తురు జంతువు పొదగడానికి వేడిని తానే తయారుచేసుకోవడం! పెద్ద మేత మింగాక రెండు మూడు రోజుల్లో దాని గుండె 40 శాతం దాకా పెరిగి, పని అయ్యాక మళ్లీ మామూలు సైజుకొస్తుంది. ఇంత అద్భుతమైన ప్రాణిని ప్లాస్టిక్ సొరుగుల్లో బీరువాలో బట్టల్లా వరుసగా పేర్చి ఉంచడాన్ని ప్రేమ అంటే నాకు మింగుడుపడదు. అసలు వింత ఇంకోటి. పుట్టింట్లో, అంటే ఆగ్నేయాసియాలో, ఈ బర్మీస్ పైథాన్‌ను అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో పెట్టారు. చర్మం కోసం, మాంసం కోసం, పెంపకం కోసం పట్టేస్తున్నారు. ఉండాల్సిన చోట కరువు, ఉండకూడని చోట పీడ. రెండింటికీ కారణం ఒకే బజారు.

ఎవర్‌గ్లేడ్స్‌లో ఏం జరిగిందో చాలామందికి తెలుసు కాబట్టి తొందరగా దాటేస్తాను. 1996 నుంచి పదేళ్లలో అమెరికాకు దిగుమతైన బర్మీస్ పైథాన్లు దాదాపు 99 వేలు. 2000 నాటికి ఎవర్‌గ్లేడ్స్‌లో అవి స్థిరపడ్డాయని ఒప్పుకున్నారు. 2012లో వెలువడిన అధ్యయనంలో, 1990ల లెక్కతో పోలిస్తే రోడ్ల వెంట కనిపించే అక్కడి అడవి జంతువుల్లో రకూన్లు 99.3 శాతం, ఒపోసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్లు అనే అడవిపిల్లులు 87.5 శాతం తగ్గాయి. కుందేళ్లయితే కనిపించనేలేదు. అది పాముల పనేనా అని అడిగినవాళ్ల కోసం పరిశోధకులు బయటి నుంచి తెచ్చిన చిత్తడి కుందేళ్లకు జాడ తెలిపే రేడియో కాలర్లు కట్టి వదిలారు. చనిపోయిన కుందేళ్లలో 77 శాతం పైథాన్ల పాలయ్యాయి. 20 వేలకు పైగా పాములను తీసేశాక కూడా ఇంకా ఎన్ని మిగిలాయో చెప్పే నాథుడు లేడు. గడ్డిలో పాము మీ కాలి పక్కనే ఉన్నా కనిపించే అవకాశం నూటికి ఒక వంతు కూడా లేదు.

వ్యాపారుల పక్షం వాళ్లు దీనికి 1992 నాటి ఆండ్రూ తుఫానును చూపిస్తారు. తుఫానుకు పాముల పెంపక కేంద్రం ఒకటి ధ్వంసమైంది, పాములు బయటపడ్డాయి, ఇళ్లలో పెంచేవాళ్ల తప్పేముంది అని. మరి ఆ కేంద్రంలో పాములను ఎందుకు పోగేశారో? అమ్మడానికే కదా. పైగా ఎవర్‌గ్లేడ్స్ ప్రాంతంలో మొదటి పైథాన్ 1979లోనే దొరికింది. ఫ్లోరిడా వాతావరణం వేరు, మిగతా చోట్ల బతకవు అనేది ఇంకో సాకు. కానరీ దీవుల్లోని గ్రాన్ కనేరియాకు పెంపుడు పాముగా వచ్చిన కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ చూడటానికి చిన్నదే, కొండచిలువ కాలి గోటికి సరిపోదు. (కొండచిలువకు కాళ్లెక్కడివని నవ్వకండి, వెనక భాగాన రెండు చిన్న గోళ్లలాంటివి నిజంగానే ఉంటాయి.) ఆ చిన్న పామే అక్కడి బల్లులను ఊడ్చిపెట్టేసింది.

చట్టం ఏం చేసిందంటే, వెనకపడి పరుగెత్తింది. 2006లో ఫ్లోరిడా నీటి సంస్థ బర్మీస్ పైథాన్‌ను హానికర జాతిగా ప్రకటించి దిగుమతిని అడ్డుకోమని అమెరికా ప్రభుత్వాన్ని అడిగింది. 2010లో తొమ్మిది జాతులతో ప్రతిపాదన వచ్చింది. వ్యాపార సంఘాలు గగ్గోలు పెట్టాయి. 2012లో నాలుగింటిని హానికర జాబితాలో చేర్చారు, 2015లో ఇంకో నాలుగింటిని. ఇళ్లలో అందరికంటే ఎక్కువగా పెంచే బోవా కన్‌స్ట్రిక్టర్‌ను మాత్రం వదిలేశారు. ఇంతా చేశాక, 2017లో అప్పీలు కోర్టు ఈ చట్టం ప్రధాన భూభాగపు రాష్ట్రాల మధ్య రవాణాను ఆపదని తేల్చేసింది. దేశం లోపలి అమ్మకాలకు తుదకు మిగిలింది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చేసుకునే చట్టమే. ఒక్కో పాము పేరూ రాసుకుంటూ, ఒక్కోదానికీ నష్టం రుజువు చేస్తూ పోతే ఇలాగే ఉంటుంది. నష్టం రుజువయ్యేనాటికి కుందేళ్లుండవు. నార్వే ఇంకో దారి చూపించింది. 1977 నుంచి సరీసృపాల పెంపకాన్నే నిషేధించి, 2017లో 19 జాతులకు మాత్రం అనుమతిచ్చింది. జాబితాలో ఉన్నదే పెంచాలి, లేనిది పెంచకూడదు. రుజువు బాధ్యత అమ్మేవాడి నెత్తిన పడింది.

నాకు ఇందులో కనిపించేది పాముల కంటే పెద్ద జబ్బు. సరుకు చేతులు మారిన క్షణానే అమ్మినవాడి బాధ్యత ముగిసిపోవాలన్నది ఈ కాలపు వ్యాపార ధర్మమైపోయింది. ప్లాస్టిక్ సీసా అమ్మినవాడు సీసా ఏ కాలవలో తేలిందో అడగడు. ఫోన్ అమ్మినవాడు బ్యాటరీ ఏ చెత్తకుప్పలో కాలిందో అడగడు. సీసాలూ బ్యాటరీల విషయంలోనైనా తయారీదారే వెనక్కి తీసుకోవాలనే చట్టాలు కొన్ని దేశాల్లో వచ్చాయి. ప్రాణమున్న సరుకుకు, పైగా గుడ్లు పెట్టి పెరిగే సరుకుకు, ఆ పాటి నియమమైనా పెట్టలేదు. ప్రతి పైథాన్ పిల్లతో పాటు, ఎప్పుడు తెచ్చినా ఎంత పెరిగినా తిరిగి తీసుకుంటానని అమ్మినవాడు రాసిచ్చి, అందుకు డిపాజిట్ కట్టాలని ఒక్క నిబంధన పెట్టి చూడండి. నిషేధం అక్కర్లేకుండానే సగం బల్లలు ఎత్తేస్తారు.

లేదా ఇంకో పద్ధతి. అమెరికాలో 1975 నుంచి, చిప్ప నాలుగంగుళాలకు తక్కువున్న తాబేలు పిల్లలను పెంపకానికి అమ్మకూడదు. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని సాల్మనెల్లా అనే కడుపు జబ్బు తెచ్చుకుంటున్నారని తెచ్చిన నిబంధన అది. రోగం కోసం రాసినా, దానికి తెలియకుండానే ఒక సత్యాన్ని పట్టుకుంది. జనం కొనేది జంతువును కాదు, దాని చిన్నతనాన్ని. మరి కొండచిలువలకూ అదే పెడదాం. పదడుగులకు తక్కువున్న దాన్ని అమ్మకూడదు. ఆ పదడుగులు పెంచే ఖర్చూ, కుందేళ్లూ, గదీ, రెండో మనిషీ అన్నీ అమ్మేవాడివే. కొట్టు అద్దం వెనక దాన్ని పెట్టి, కొనడానికొచ్చిన కుర్రాణ్ని ఇంటికి మోసుకెళ్లమనండి.

ఫ్లోరిడా 2010లో బర్మీస్ పైథాన్లను కొత్తగా పెంపకానికి తీసుకోవడం ఆపేసింది. అప్పటికే లైసెన్సుతో ఉన్నవాటిని మాత్రం అవి చచ్చేదాకా ఉంచుకోవచ్చంది. ఆ చివరి రోజుల్లో గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఒకటి ఇవాళ్టికీ ఎవరింట్లోనో బతికి ఉండొచ్చు. కొన్నప్పుడు స్కూల్లో ఉన్నవాడికి ఈపాటికి పెళ్లయి ఉంటుంది, బహుశా ఇంట్లో పాకే పాప కూడా ఉంటుంది. వారం వారం ఎవరో కుందేలు తేవాలి. అమ్మిన కొట్టు ఉన్నచోట ఇప్పుడేముందో అతనికి గుర్తుండకపోవచ్చు.