ఆ స్క్రీన్‌షాట్‌లో పెట్రోలు లెక్క ఏది?

“బీటెక్ చదివి పాతిక వేల ఉద్యోగంలో చేరే బదులు ఇంటింటికీ సరుకులు డెలివరీ చేసుకుంటే నెలకు 60 వేలు. బాస్ ఉండడు, నచ్చినప్పుడే పని. స్వయం ఉపాధే కదా, వీళ్లకి మళ్లీ బీమాలు, రక్షణలు ఎందుకు?” వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న పోస్టు ఇది. కింద సాక్ష్యంగా ఎవరో రైడర్ వారం పేఅవుట్ స్క్రీన్‌షాట్.

ముందు ఆ 60 వేల సంగతి చూద్దాం. జొమాటో వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ 2026 జనవరిలో తానే ఒక లెక్క చెప్పారు. 2025లో జొమాటో రైడర్‌కు టిప్పులు కాకుండా గంటకు సగటున వచ్చింది 102 రూపాయలు. రోజుకు 10 గంటల చొప్పున 26 రోజులు తిరిగితే సుమారు 26,500. పెట్రోలు, బండి ఖర్చు పోను మిగిలేది 21 వేలు. ఇది యూనియన్ల మాట కాదు, కంపెనీ మాట. ఫుడ్ డెలివరీ లెక్కే అయినా, కిరాణా తెచ్చే బ్లింకిట్ కూడా ఆ సంస్థదే. ఈ రేటుకి 60 వేలు కావాలంటే నెలంతా ఒక్క రోజూ మానకుండా, రోజుకు దాదాపు 20 గంటలు పనిలో ఉండాలి! ఎవరి వల్లవుతుంది? పండగకో వానకో ఇన్సెంటివ్‌లు కలిసొచ్చిన వారాన్ని పట్టుకుని నాలుగుతో హెచ్చవేస్తే అది నెల జీతం అయిపోదు. ఆ స్క్రీన్‌షాట్‌లో పెట్రోలు లేదు, టైర్లు లేవు, బండి ఈఎంఐ లేదు.

బాస్ లేడన్నది మరీ అన్యాయం. ఇన్సెంటివ్ కావాలంటే రద్దీ వేళల్లో లాగిన్‌లో ఉండి తీరాలి, వచ్చిన ఆర్డర్ కాదనకూడదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ బండి బయటే ఆపిస్తాడు. బియ్యం సంచీ, నూనె డబ్బా మోసుకుంటూ చివరి బ్లాకు దాకా నడవాలి. ఆలస్యమైతే కస్టమర్ కోపం, తక్కువ రేటింగ్ రైడర్‌కే. ఐడీ బ్లాక్ అయితే గోడు చెప్పుకోవడానికి మనిషి కూడా దొరకడు. బాస్ ఉంటే కనీసం బతిమాలుకోవచ్చు.

ఇక బీమా, రక్షణ ఎందుకన్న మాట. రోజంతా ట్రాఫిక్‌లో తిరిగేవాడికి కాలు విరిగితే ఆ నెల ఆదాయం సున్నా. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో గిగ్ కార్మికులకు, అంటే ఇలా యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్లకు, 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సామాజిక భద్రతా కోడ్ ప్రకారం కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వీళ్ల సంక్షేమ నిధికి కట్టాలి. అది జాలి పడి ఇచ్చేది కాదు, చట్టం రాసిపెట్టిన బాకీ.