తుక్కుకు అమ్మకండి, కుర్రాడి చేతికివ్వండి

రాజాం, పాలకొండ, చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పాకల వెనక పాత ట్రాక్టర్లు తుప్పు పడుతున్నాయి. తుక్కు వ్యాపారి కిలోల లెక్కన అడుగుతాడు, ఇంటివాళ్లు ఇచ్చేస్తారు. ఆ బండి ఐటీఐ చదివి విశాఖ బస్సెక్కబోతున్న కుర్రాడికి, బాగుచేసి నడిపించడానికి దక్కాలి.

కుర్రాళ్లకు ముందు చెప్పాల్సింది ఒకటే: ముందే బండికి రంగు వేసే జోలికి వెళ్లొద్దు. మొదటి బండిగా మహీంద్రా బీ-275, మాసీ 1035 లాంటి బాగా అమ్ముడైన మోడల్ తీసుకుంటే మేలు, విడిభాగాలు దొరుకుతాయి. హెచ్ఎంటీ మంచి బండే, కానీ ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది. డబ్బిచ్చే ముందు ఆర్‌సీ చూసుకోవాలి.

ఏళ్లుగా కదలని ఇంజనుకు సెల్ఫ్ కొట్టకూడదు. డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి సిలిండర్లలో కాస్త డీజిల్ పోసి కొన్ని రోజులు నాననివ్వాలి. నాజిళ్లు బిగించకుండానే ఇంజను వెనకుండే బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, మెల్లగా చేత్తో తిప్పి చూడాలి. గేర్‌బాక్స్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. మనవి దమ్ములో తిరిగిన బండ్లు కాబట్టి నీళ్లు, బురద లోపలికి పోకుండా ఆపే వెనక ఇరుసు సీళ్లను అసలు నమ్మకూడదు. డీజిల్ పంపును మాత్రం సొంతంగా విప్పకుండా పంపు కొలతలు సరిచేసే కాలిబ్రేషన్ షాపుకే ఇవ్వాలి. ఇంకో మాట, ఇది ప్రాణాల మీది సంగతి: ఇలాంటి ట్రాక్టర్లకు లారీకున్నట్టు చాసిస్ ఉండదు. ఇంజను, గేర్‌బాక్సే దాని వెన్నెముక. క్లచ్ కోసం విడదీస్తే బండి రెండు ముక్కలవుతుంది. రెండు వైపులా గట్టి దుంగలు పెట్టకుండా, పక్కన అనుభవమున్న మేస్త్రీ లేకుండా ఆ పనికి దిగొద్దు.

పెట్టిన ఖర్చు అమ్మితే రాదంటారు. చాలాసార్లు నిజమే. కానీ ఉభాల రోజుల్లో, అంటే వరినాట్లప్పుడు, పనిముట్టును ఎత్తే లిఫ్ట్ లేవక పొలంలో ఆగిపోయిన బండి దగ్గరికి ఊళ్లోంచే నడిచొచ్చే మెకానిక్ విలువ ఎంతో రైతునడగండి. పాత బండి నేర్పే పని అదే. దానితో ఆ కుర్రాడు ఊళ్లోనే బతకగలడు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. 2021లో కేంద్రం వింటేజ్, అంటే పాతకాలపు వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన కార్లకు, ద్విచక్ర వాహనాలకు ఆ గుర్తింపు ఇచ్చింది. ట్రాక్టర్‌కు అందులో చోటు లేదు. షికారు తిరిగిన బండి వారసత్వమైంది, ఊరికి తిండి పెట్టిన బండి తుక్కయింది. కష్టం చేసిన చేతులనూ పనిముట్లనూ మన చరిత్ర ఎప్పుడూ ఇలాగే వదిలేసింది. నాగళ్లు, గానుగలు, మగ్గాలు పోయింది కూడా ఈ దారినే. నిబంధన మార్చమని మన ఎంపీలు అడగాలి. ఈలోగా మన ప్రాంతపు ఐటీఐలు డీజిల్ మెకానిక్ విద్యార్థులకు ఒక్కో పాత ట్రాక్టర్ అప్పగించి, కోర్సు ముగిసేలోగా దాంతో ఒక మడి దున్నించాలి.