మా పాప అడగని ఉగ్గాని

ముందే చెప్పేస్తున్నా, ఈ పోస్టులో సగం తిట్లు నాకే. మిగతా సగం ఎవరికి తగిలితే వాళ్లకు.

రెండు నెలల కిందట మా అక్క కూతురు ఫొటో ఒకటి ఏఐ యాప్‌లో పెట్టాను. పాపకు అప్పుడు తొమ్మిది నెలలు. ఫొటో పెట్టి, కింద రెండు లైన్లలో ఏం జరగాలో రాసి, పాప నోట పలికించాల్సిన మాట ఒకటి ఇచ్చాను. టీ తాగి వచ్చేసరికి ఎనిమిది సెకన్ల వీడియో తయారు. పాప ప్లేటు ముందు కూర్చుని, తల ఊపుతూ, "అవ్వా, నాకు ఉగ్గాని బజ్జీ కావాలి, తొందరగా రా!" అంటోంది. ఫ్యామిలీ గ్రూపులో వేశాను. గ్రూపంతా నవ్వులే నవ్వులు. పెళ్లిళ్లప్పుడు తప్ప నోరు విప్పని మా చిన్నాన్న కూడా "సూపర్" అని పెట్టాడు. నాకైతే కొండారెడ్డి బురుజు నేనే కట్టించినంత గర్వం.

సరిగ్గా చూస్తే అంతా తప్పులే. మా పాపకు కింద రెండు పళ్లే ఉన్నాయి, వీడియోలో పాపకు నోటి నిండా పళ్లు. ప్లేటులో ఉన్నది ఉగ్గాని కాదు, పసుపు రంగు పూసిన కార్న్‌ఫ్లేక్స్ లాంటిదేదో. బజ్జీ బదులు ఒక బన్ను. ఇక భాష, కర్నూల్లో పుట్టిన పిల్లలా లేదు, రాత్రి తొమ్మిది గంటల వార్తలు చదివే యాంకర్‌లా ఉంది. ఇవన్నీ మాకు నవ్వుకోవడానికి పనికొచ్చాయి.

మా అవ్వకు మాత్రం ఇవేవీ కనబడలేదు. కోడుమూరు దగ్గర పల్లెలో ఉంటుంది, ఒక కంటికి శుక్లం. పక్కింటి పిల్లోడు ఫోన్‌లో చూపించాడట. మర్నాడు పొద్దున పది గంటలకు అక్క వాళ్లింటి ముందు ఆటో దిగింది, చేతిలో స్టీలు క్యారియర్. కింద గిన్నెలో ఉగ్గాని, పై గిన్నెలో మిరపకాయ బజ్జీలు. తెల్లవారుజామునే లేచి బొరుగులు నానబెట్టి, పప్పుల పొడి కొట్టి, మొదటి బస్సుకే వచ్చేసింది. "పాప నోరు తెరిచి అడిగినాక నేను రాకుండా ఎట్లుంటా నాయనా?" అంది.

తొమ్మిది నెలల బిడ్డకు మిరపకాయ బజ్జీ! పాప క్యారియర్ మూత లాక్కుని నేలకేసి టంగుటంగుమని కొట్టింది. అవ్వ "ఇంకోసారి అను తల్లీ, అవ్వా అను" అని బతిమాలుతోంది. అక్క నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. ఎవరం నిజం చెప్పలేదు. బజ్జీలు మేమే తిన్నాం.

ఇప్పుడు అసలు కోపం సంగతి. ఈ బేబీ వీడియోల పిచ్చి మా ఊళ్లో మామూలుగా లేదు. నా ఫ్రెండ్ ఒకడు ఏదో ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టి, ఉద్యోగం వెతుక్కోవడం మానేసి ఇదే పనిలో పడ్డాడు. కలెక్టర్ బేబీ, కండక్టర్ బేబీ, మైకు ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చే బేబీ. యూట్యూబ్‌లో షార్ట్స్ అనే చిన్న వీడియోలతో యాడ్ డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కోటి వ్యూస్ ఉండాలి. పైగా 2025 జూలై 15 నుంచి ఒకే అచ్చులో గుద్ది వదిలే వీడియోలకు డబ్బు ఇవ్వబోమని నిబంధనను ఇంకా స్పష్టం చేశారు. కోర్సు అమ్మినాయన ఈ రెండో ముక్క చెప్పలేదట. ఎందుకు చెబుతాడు?

వాడు చేసినవాటిలో ఒకటి బాగా ఆడింది. మార్కెట్ యార్డులో ఉల్లి బస్తా మీద కూర్చుని రేటు గురించి తిట్టే బేబీ. అదే యార్డులో రైతులు ఎన్నిసార్లు గొంతు చించుకున్నారో మనకు తెలుసు, ఆ వీడియోలు ఎవరు షేర్ చేశారు? సరే, అది వేరే పోస్టు.

ఏ ఇంటి బిడ్డా కాని బొమ్మ బిడ్డతో ఏమైనా చేసుకోండి, నేనూ నవ్వుతాను. మన ఇంట్లో ఊపిరి పీల్చే బిడ్డ మొహం తీసుకోవడంతోనే నాకు పేచీ. చట్టం ఉంది కదా అంటారు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. సొంత, ఇంటి అవసరాలకు వాడేవాళ్లకు ఆ చట్టం వర్తించదు. అంటే మేనమామకు అడ్డు లేదు. అక్కను అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఏఐతో చేసినవాటి మీద ఆ సంగతి స్పష్టంగా కనబడాలని 2026 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలు మార్చారు. గూగుల్ టూల్స్ అయితే సింథ్ఐడీ అని కంటికి కనబడని గుర్తు కూడా వేస్తాయి. బాగుంది. మా అవ్వకు కంటికి కనబడేదే సగం కనబడదు, మూలన ఉన్న రెండక్షరాలు ఆమె ఎట్లా చదవాలి? ఆమె చూసింది లేబుల్‌ను కాదు, మునిమనవరాలి మొహాన్ని.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. పాపకు ఇప్పుడు పదకొండు నెలలు. మొన్న ఆదివారం మొదటిసారి అక్క మొహం చూస్తూ "మ్మ... మ్మ" అంది. అక్క ఏడ్చేసింది. ఫోన్ తీసి రికార్డు చేసింది. నలభై సెకన్ల వీడియోలో ముప్పై సెకన్లు పాప చొంగ కారుస్తూ ఫ్యాన్ వైపు చూస్తుంది. చివర్లో ఒక్కసారి "మ్మ". అదే గ్రూపులో పెట్టింది.

సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "ఆ పొద్దు అంత బాగా మాట్లాడిన బిడ్డ, ఇప్పుడు మాట పడిపోయిందేందిరా? ఎవరి దిష్టి తగిలిందో. మీరేం భయపడొద్దు, అమావాస్యకు నేనొచ్చి దిష్టి తీస్తా, దర్గాలో తాయెత్తు కూడా కట్టిద్దాం."

అక్క ఫోన్ నా చేతిలో పెట్టి, "చేసినోడివి నువ్వే, నువ్వే చెప్పు" అని వంటింట్లోకి పోయింది. నేను "సరే అవ్వా, రా" అన్నాను. అమావాస్య ఎల్లుండే.