పసిబిడ్డకు ఆలస్యం వద్దు, పెద్దవాడికి తొందర వద్దు

పిల్లలకు కోవిడ్ టీకా వేయించాలా వద్దా అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఏడు నెలల పాపనీ, పదహారేళ్ళ బాస్కెట్‌బాల్ కుర్రాణ్ణీ ఒకే గాటన కట్టేస్తున్నాం. అమెరికాలోని మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వాదన దారి తప్పేది సరిగ్గా అక్కడే. ఒకరు పాప గురించి అడిగితే ఇంకొకరు కుర్రాడి గుండె గురించి జవాబు చెబుతారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంటుంది, మాట్లాడేది మాత్రం వేర్వేరు పిల్లల గురించి.

2025లో అమెరికాలో నియమాలు మారిన తీరు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఈ టీకా సిఫారసు ఎత్తేస్తున్నామని మే 27న ఆరోగ్య శాఖ మంత్రి ప్రకటించారు. కొద్ది రోజులకే అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దాన్ని డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోమని సవరించింది. ఆగస్టు 19న పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ తన దారి తాను చూసుకుని, 6 నుంచి 23 నెలల పిల్లలందరికీ, ఆపై వయసులో జబ్బు ముదిరే రిస్కు ఉన్నవాళ్ళకీ వేయించాలని చెప్పింది. ఆగస్టు 27న మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఐదేళ్ళలోపు పిల్లలకు ఫైజర్ టీకాకున్న అత్యవసర అనుమతిని రద్దు చేసింది. దాంతో ఆ వయసుకు మిగిలింది మోడెర్నా వారి స్పైక్‌వ్యాక్స్ ఒక్కటే. అదీ లేబుల్ ప్రకారం, అంటే ఎఫ్‌డీఏ ఆమోదించిన వాడకం ప్రకారం, రిస్కు ఉన్న పిల్లలకే. అందరూ తలో మాటా చెబుతుంటే తల్లిదండ్రులు ఏదీ చేయకుండా ఊరుకుంటున్నారు. పెద్ద పిల్లల విషయంలో ఆ ఊరుకోవడం వల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. పసివాళ్ళ విషయంలో ఉంది.

‘అందరికీ ఒకసారి వచ్చిపోయిందిగా’ అనే మాట పెద్దవాళ్ళకు సరే. నిరుడో మొన్ననో పుట్టిన బిడ్డ ఒంటికి ఈ వైరస్ పూర్తిగా కొత్త. తల్లి కడుపుతో ఉన్నప్పుడు టీకా వేయించుకుంటే ఆమె నుంచి అందిన యాంటీబాడీలు మొదటి కొన్ని నెలలు కాపాడతాయి. ఆరు నెలల్లోపు బిడ్డకు వేసే కోవిడ్ టీకా లేదు కాబట్టి అది చిన్న సాయం కాదు. ఆ అండ తరిగిపోయే వేళకే చాలా ఇళ్ళలో డే కేర్ మొదలవుతుంది. ఆసుపత్రిలో చేరే రేటు చూస్తే రెండేళ్ళలోపు పిల్లలది 50–64 ఏళ్ళ పెద్దవాళ్ళ రేటుతో పోల్చదగ్గ స్థాయిలో ఉంటోంది. అలా చేరినవాళ్ళలో ముందునుంచీ ఏ జబ్బూ లేని పిల్లలు చాలామంది. ‘మా పాప శుభ్రంగానే ఉంది’ అన్న ధీమా ఈ వయసులో అక్కరకు రాదు. అందుకే 6 నుంచి 23 నెలల వాళ్ళకు వేయించడమే మంచిదని మా గట్టి అభిప్రాయం.

స్పైక్‌వ్యాక్స్ వేసేది 25 మైక్రోగ్రాములు, అంటే 0.25 మిల్లీలీటర్లు, తొడ కండకు. అంతకుముందు వేయించని బిడ్డకు ఈ వయసులో రెండు డోసులు, మధ్య కనీసం నెల ఎడం. రెండేళ్ళు దాటాక మొదలుపెడితే లేబుల్ ప్రకారం ఒక్కటే. ఎక్కువగా తప్పేది రెండో డోసు. జలుబు చేసిందని అపాయింట్‌మెంట్ వాయిదా వేస్తారు, ఇండియా ప్రయాణం వస్తుంది, అంతే సంగతులు. మామూలు జలుబుకి టీకా ఆపక్కర్లేదు.

ఎక్కడ వేయించాలన్నది ఇంకో చిక్కు. ఫార్మసీల్లో సాధారణంగా మూడేళ్ళలోపు పిల్లలకు వేయరు. పైగా ఏ జబ్బూ లేని బిడ్డకు వేయడం లేబుల్ దాటిన వాడకం. అది డాక్టరు చేయదగ్గదే, తప్పేమీ కాదు గానీ, ఫార్మసీ కౌంటర్లో సులభంగా అయ్యే పని కాదు. పిల్లల డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి ‘కోవిడ్ టీకా ఉందా’ అని అడిగితే అయోమయంగా ఏదో ఒకటి చెబుతారు. ‘25 మైక్రోగ్రాముల స్పైక్‌వ్యాక్స్ మీ దగ్గర ఉందా? బిడ్డకి ఎనిమిది నెలలు, వేరే జబ్బేమీ లేదు, వేస్తారా?’ అని అడగండి. లేదంటే తెప్పిస్తారేమో అడగండి, లేదా కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో కనుక్కోండి.

ఇక కుర్రాడి సంగతి. మయోకార్డైటిస్, అంటే గుండె కండరం వాపు, పుకారు కాదు. 2021లో ఫైజర్ రెండో డోసు తర్వాత వారంలోపు అది వచ్చినట్టు అమెరికాలో నమోదైన లెక్క 12–15 ఏళ్ళ మగపిల్లల్లో పది లక్షల డోసులకు సుమారు 71, 16–17 ఏళ్ళవాళ్ళలో సుమారు 106. ఆడపిల్లల్లో చాలా తక్కువ. 2023–24 టీకాకు వచ్చేసరికి లేబుల్ మీద ఉన్న అంకె 12–24 ఏళ్ళ మగవాళ్ళలో పది లక్షలకు దాదాపు 27. అప్పట్లో మూడు వారాల తేడాతో రెండు డోసులు పొడిచేవారు, ఇప్పుడు ఏడాదికో డోసు. తేడాకు ఆ ఎడం ఒక ముఖ్య కారణమని మా లెక్క. డోసుల మధ్య ఎనిమిది వారాలు ఉంచితే కుర్రాళ్ళకు మేలు కావచ్చని సీడీసీ 2022 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఈ వాపు వైరస్ వల్ల కూడా వస్తుందన్నది మర్చిపోకూడదు.

ముందే డోసులు పడి, ఒకటి రెండుసార్లు కోవిడ్ వచ్చిపోయి, ఏ జబ్బూ లేని పదహారేళ్ళ అబ్బాయికి ఇంకో డోసు వల్ల వచ్చే లాభం తక్కువ, నష్టభయమూ తక్కువే. వేయించినా మానేసినా ఆ ఇంటివాళ్ళను తప్పుపట్టలేం. ఆస్తమా, షుగరు, అధిక బరువు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, వీటిలో ఏదున్నా తక్కెడ టీకా వైపు మొగ్గుతుంది. సీడీసీ రిస్కు జాబితాలో డిప్రెషన్‌తో పాటు ఒంటికి వ్యాయామం లేకపోవడం కూడా ఉంది. ఆ లెక్కన గదిలోంచి కదలని మన వీడియోగేమ్ వీరుల్లో చాలామంది అర్హులే!

వేయిస్తే ఆ వారం కాస్త కనిపెట్టుకుని ఉండాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండె దడ, ముఖ్యంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు. మన ఇళ్ళలో జరిగేదేమిటంటే, అబ్బాయి ఛాతీ నొప్పి అనగానే ‘గ్యాస్ పట్టేసింది’ అని వాము నీళ్ళు పట్టిస్తారు. ఆ వారంలో మాత్రం ఆ పని వద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళి టీకా పడిన తేదీ చెబితే ఈసీజీ, ట్రోపోనిన్ రక్త పరీక్ష చేస్తారు. ఎక్కువమంది కోలుకుంటారు, అయితే 3 నుంచి 6 నెలలు పోటీ ఆటలకు దూరంగా ఉండాలి. టీకా తర్వాత వారం రోజులు కఠిన వ్యాయామం వద్దని సింగపూర్ 2021లో చెప్పింది. అమెరికాలో ఆ నియమం లేదు, కానీ టోర్నమెంటు ముందురోజున సూది వేయించడం తెలివైన పనేమీ కాదు.

5–11 ఏళ్ళ ఆరోగ్యవంతులైన పిల్లల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఫైజర్ అయితే 10 మైక్రోగ్రాములు, మోడెర్నా అయితే 25. ఇంట్లో కీమో నడుస్తున్న తాతయ్యో అమ్మమ్మో ఉంటే వేయించండి. లేకపోతే డాక్టరు మాట వినండి.

ఫైజర్, మోడెర్నా టీకాల్లో ఉండే ఎంఆర్‌ఎన్‌ఏ అంటేనే గుబులు పడేవాళ్ళు ఉన్నారు. అది కణ కేంద్రకంలోకి వెళ్ళదు, జన్యువులను మార్చదు. అయినా మనసు ఒప్పకపోతే 12 దాటి రిస్కు ఉన్నవాళ్ళకు ప్రొటీన్ రకం నోవావ్యాక్స్ ఉంది. హైదరాబాద్‌లో బయలాజికల్ ఇ తయారుచేసిన కార్బెవ్యాక్స్ కూడా ప్రొటీన్ టీకాయే. దాని మూల రూపకల్పన జరిగింది హ్యూస్టన్‌లో, టెక్సస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ కాలేజీ ఆఫ్ మెడిసిన్‌ల టీకా కేంద్రంలో. హ్యూస్టన్ నుంచి హైదరాబాద్ దాకా వెళ్ళింది గానీ తిరిగి అమెరికాకు రాలేదు.

సూది రోజున రెండు జాగ్రత్తలు. టీనేజీ పిల్లలు టీకా తర్వాత కళ్ళు తిరిగి పడిపోవడం మామూలే. ఈ టీకాల కాలం మన కార్తీక మాసంతో కలుస్తుంది. ఉపవాసం ఉన్న పిల్లను సోమవారం తీసుకెళ్ళకండి. పావుగంట కూర్చోబెట్టే తీసుకురండి.

రెండోది జ్వరం మందు. ముందుగా వేయొద్దు, వచ్చాకే. ఇక్కడి పిల్లల ఎసిటమినోఫెన్ సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇండియా నుంచి అమ్మమ్మ తెచ్చిన పారాసెటమాల్ సీసా మీద 250 అని ఉండొచ్చు. మందు ఒకటే, గాఢత వేరు. కిలోకి 10–15 మిల్లీగ్రాముల లెక్కన 12 కిలోల బిడ్డకు ఇక్కడి సిరప్ 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. అదే కొలత ఆ సీసాలోంచి పోస్తే కిలోకి దాదాపు 21 పడుతుంది. రోజుకు నాలుగైదుసార్లు అలా పోస్తే కాలేయానికి ముప్పు. సీసా మీది అంకె చూడకుండా చెంచా ఎత్తొద్దు. ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు.

ఇండియా నుంచి వచ్చిన పిల్లల రికార్డు సంగతి కూడా చూసుకోండి. 2022 జనవరి 3 నుంచి 15–18 ఏళ్ళవాళ్ళకు కొవాగ్జిన్, మార్చి 16 నుంచి 12–14 వాళ్ళకు కార్బెవ్యాక్స్ వేశారు. ఆ వివరాలు ఇక్కడి స్టేట్ రిజిస్ట్రీలో (రాష్ట్రం ఉంచే టీకాల రికార్డులో) వాటంతటవే కనిపించవు. కోవిన్ సర్టిఫికెట్ ప్రింటు తీసుకెళ్ళి డాక్టరు ఆఫీసులో ఎక్కించుకోండి. చేత్తో రాసిన కార్డయితే తేదీ దగ్గర ఆగండి. మనం 3/1/2022 అని రాసుకున్న జనవరి మూడు ఇక్కడి నర్సుకి మార్చి ఒకటిగా కనిపిస్తుంది. పక్కన నెల పేరు అక్షరాల్లో రాసి ఇవ్వండి.